కొత్త చిరునామాకు పరపతి

(పుదుచ్చేరి పట్టణమున కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సమాజ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఉత్తరము వ్రాయుట ఒక పని. అది చేరవలసినవారి చేతికి చేరుట మరియొక పని. చేరిన ఉత్తరమును వారు విప్పి చదువుట మూడవ పని. కాగితపు ఉత్తరముల కాలమున మొదటిది వ్రాసినవానిది, రెండవది తపాలా శాఖది, మూడవది అందుకొన్నవానిది. ఎవరి బాధ్యత వారికి తెలిసియుండెను. ఈ-మెయిలు వచ్చిన పిమ్మట ఈ పనుల నడుమ ఒక ద్వారపాలకుడు వచ్చి నిలిచెను. అతడు మనుష్యుడు కాడు. జాబులను స్వీకరించు సంస్థలు తమ సర్వర్లలో ఏర్పరచిన యంత్రవివేకము. అతడు ప్రతి జాబును ఆపి, నిన్ను పంపినదెవరు, వారు నిజముగా వారేనా, వారి నడవడి ఇదివరలో ఎట్టిది అని మూడు ప్రశ్నలు వేయును. తృప్తికరమైన సమాధానము దొరికినచో లోనికి విడుచును. దొరకనిచో 'స్పామ్' అను చెత్తబుట్టలో వేయును. ఒక్కొక్కప్పుడు గడప దాటనీయక వెనుకకే త్రిప్పివేయును.

ఈ మూడు ప్రశ్నలకును కలిపి తెలుగున ఒక చక్కని మాట యున్నది: పరపతి. అప్పు పుట్టుటకు పరపతి కావలెను; మాట చెల్లుటకు పరపతి కావలెను. నేడు జాబు చేరుటకును అదియే కావలసివచ్చినది. కొత్తగా ఒక డొమైను, అనగా ఈ-మెయిలు చిరునామాలో 'ఎట్' గుర్తునకు తరువాత వచ్చు ఇంటిపేరు వంటి భాగము, కొనుక్కొన్న సంస్థకు పరపతి యెట్లు కలుగును, ఎట్లు నిలుచును, ఎట్లు పోవును అనునదే నేటి ప్రసంగ విషయము.

ఇది ఇంజనీర్లు చూచుకొనవలసిన సంగతి కదా, ఆఫీసు గుమాస్తాలకును గృహిణులకును దీనితో పనియేమి అని సందేహము కలుగవచ్చును. పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగిని దృష్టాంతముగా తీసికొనవచ్చును. ఏటేట నవంబరు మాసమున అతడు జీవన ప్రమాణ పత్రము దాఖలు చేయవలెను. 2014 నవంబరు 10వ తేదీన ప్రారంభమైన పద్ధతి వలన ఆ పని ఇంటినుండియే చేసికొనుటకు వీలు కలిగినది. అతనికి జ్ఞాపకము చేయుచు వచ్చిన నిజమైన జాబు స్పామ్ బుట్టలో పడి, "మీ పెన్షను రేపటినుండి నిలిచిపోవును, వెంటనే ఇచట నొక్కుడు" అను దొంగ జాబు కంటికెదురుగా కూర్చున్నచో, ఆ ముదుసలి ఏమగును? సాధువు వాకిట నిలిచిపోవుట, దొంగ లోనికి వచ్చుట, ఈ రెండు ప్రమాదములును ఒకే లోపమునుండి పుట్టుచున్నవి. పంపువాడు తన గుర్తింపును సరిగా స్థాపించుకొనకపోవుటయే ఆ లోపము.

చిరునామాలు మారుట పుదుచ్చేరికి కొత్త కాదు. 1954 నవంబరు 1వ తేదీన ఈ ప్రాంతము ఫ్రెంచి పాలన వదలి భారతదేశ పరిపాలనలోనికి వచ్చినది. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న జరిగినది. 1972లో పిన్ కోడు పద్ధతి వచ్చినప్పుడు ఈ చిన్న కేంద్రపాలిత ప్రాంతపు నాలుగు భాగములకు నాలుగు వేర్వేరు సంఖ్యలు లభించినవి. పుదుచ్చేరి జాబునకు 605, కారైకాల్ జాబునకు 609, మాహే జాబునకు 673, గోదావరీ తీరమునందలి యానాము జాబునకు 533 మొదట వ్రాయవలెను. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున ఆంధ్రదేశపు ఒడిలోనున్న యానాము తెలుగువారికి రాజధానితో సంబంధము ప్రధానముగా జాబుల ద్వారానే. 2006 అక్టోబరు 1వ తేదీనుండి పాండిచ్చేరి అను పేరు పుదుచ్చేరి అయినది. ఐనను పాత పేరు వ్రాసిన ఉత్తరమును గూర్చి ఏ పోస్టుమానును తికమకపడలేదు. 1985లో స్థాపింపబడిన ఇచటి విశ్వవిద్యాలయము నేటికిని పాండిచ్చేరి విశ్వవిద్యాలయమే. పేరు మారినను మనిషి అతడే యని మనుష్యునికి తెలియును.

యంత్రమునకు ఆ జ్ఞాపకము లేదు. ముప్పది ఏండ్లుగా నడచుచున్న గౌరవనీయమైన సంస్థ ఐనను సరే, నేడు కొత్త డొమైను తీసికొన్నచో ఆ ద్వారపాలకుని కంటికి అది నేడు పుట్టిన శిశువు. అంతకన్న చిక్కు ఏమనగా, అది శిశువో, మారువేషమున వచ్చిన దొంగయో అతనికి తెలియదు. ఏలయన మోసగాండ్రు ఉదయమున ఒక డొమైను కొని, మధ్యాహ్నము వేలకొలది జాబులు గ్రుమ్మరించి, సాయంకాలమునకు దానిని వదలిపోవుచుందురు. కావున కొత్త పేరును చూడగానే అనుమానించుట అతని వృత్తిధర్మము.

ఈ అనుమానము వర్తక లోకమున పాతదే. హుండీల మీద వ్యాపారము నడచిన కాలమున, ఊరికి కొత్తగా వచ్చిన వర్తకుడు వ్రాసిన హుండీని ఏ సాహుకారును వెంటనే స్వీకరించెడివాడు కాడు. ఎరిగినవాడెవడైన జామీను నిలువవలెను. మొదట చిన్న మొత్తము వ్రాయవలెను. అది గడువునకు చెల్లిన పిమ్మట మరికొంత పెద్ద మొత్తము. ఇట్లు కొన్ని చెల్లిన తరువాతనే ఆ చేవ్రాలునకు విలువ కలుగును. ఒక్క హుండీ తిరిగివచ్చినచో అంతవరకు కూడిన పేరు పోవును. ఈ పుదుచ్చేరిలోనే డూప్లే గవర్నరుగా నున్న కాలమున దుబాసీగా ప్రసిద్ధి కెక్కిన ఆనందరంగ పిళ్ళె అట్టి పరపతికి నిదర్శనము. దుబాసీ యనగా రెండు భాషలవాడు. కాని అతని పని అనువాదము మాత్రమే కాదు. ఇటు దేశీయ వర్తకులకును అటు ఫ్రెంచి వారికిని నడుమ నిలిచి, ఒకరి మాట మరియొకరికి నమ్మదగినదిగా చేయుట. 1736 నుండి 1761 వరకు ఆయన తమిళమున వ్రాసిన దినచర్య ఆ కాలపు వ్యవహారములకు గొప్ప ఆధారము. తెలుగువారికి ఆయన మరియొక విధమున కూడ ఆత్మీయుడు. కస్తూరి రంగకవి రచించిన 'ఆనందరంగరాట్ఛందము' అను లక్షణగ్రంథము ఆయన పేర వెలసినదే. నేటి పట్టణపు ప్రధాన తపాలా కార్యాలయము ఆయన పేరిటి వీథిలోనే యున్నది.

ఈ-మెయిలు పుట్టినప్పుడు ఇట్టి దుబాసీల అవసరము ఎవరికిని తోచలేదు. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా దేశపు ఇంజనీరు ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు జాబు పంపి, పేరునకును యంత్రమునకును నడుమ 'ఎట్' గుర్తు నిలిపెను. నాడు ఆ వలలో నుండినవారు కొలదిమంది శాస్త్రజ్ఞులు, ఒకరినొకరు ఎరిగినవారు. 1982లో జోనథన్ పోస్టెల్ జాబుల రవాణాకు వ్రాసిన నియమావళి కూడ ఆ పరస్పర విశ్వాసము మీదనే ఆధారపడినది. అందు 'పంపినవారు' అనుచోట ఎవరి పేరు వ్రాసినను అడుగువాడు లేడు. కవరు వెనుక ఏ పేరైనను వ్రాసి డబ్బాలో వేయవచ్చును కదా, అట్లే. నియమావళి రాకముందే దుర్వినియోగము వచ్చినది. 1978 మే 3వ తేదీన ఒక అమెరికా కంప్యూటరు కంపెనీ విక్రయోద్యోగి, తమ కొత్త యంత్రముల ప్రదర్శనకు రమ్మని సుమారు 400 మందికి అడుగకయే జాబు పంపెను. అయాచిత ప్రకటనా జాబులకు అదియే ఆది యని చెప్పుదురు. మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించునప్పటికే ఆ వ్యాధి ముదిరియుండెను.

చికిత్సగా మూడు ఏర్పాట్లు క్రమముగా వచ్చినవి. పేర్లు ఆంగ్లాక్షరముల పొడులు గాన భయపడనక్కరలేదు. ఆఫీసు తపాలా వ్యవహారము తెలిసినవారికి ఇవి సులభముగా బోధపడును.

మొదటిది ఎస్.పి.ఎఫ్. ఒక కార్యాలయము తన తపాలాను తీసికొనిపోవుటకు అధికారము గల బంట్రోతుల పేర్లను బహిరంగముగా గోడ మీద అంటించినట్లు, ఈ డొమైను పేర జాబులు పంపుటకు ఈ సర్వర్లకే అధికారము కలదని ప్రకటించుట. ఆ గోడయే డి.ఎన్.ఎస్., అనగా డొమైనుల బహిరంగ దస్తావేజు, ఎవరైనను చూడవచ్చును. జాబు వచ్చినప్పుడు ద్వారపాలకుడు ఆ జాబితాను చూచి, తెచ్చిన సర్వరు పేరు అందున్నదో లేదో పోల్చుకొనును. ఇచట ఒక చిన్న జాగ్రత్త యున్నది. ఒక డొమైనునకు ఇట్టి జాబితా ఒక్కటియే యుండవలెను. పాతది తీయక కొత్తది చేర్చి రెండు చేసినచో రెండును చెల్లవు. ఈ పొరపాటు చాలచోట్ల జరుగుచుండును.

రెండవది డి.కె.ఐ.ఎం. ఇది లక్క సీలు వంటిది. పంపు సర్వరు తన యొద్ద రహస్యముగా నున్న తాళపుచెవితో ప్రతి జాబు మీద ఒక ముద్ర వేయును. దానిని పరీక్షించుటకు కావలసిన రెండవ తాళపుచెవి బహిరంగ దస్తావేజులో నుండును. దారిలో జాబునందు ముద్రింపబడిన భాగము ఒక్క అక్షరము మారినను ముద్ర పగిలినట్లే. బంట్రోతుల జాబితాకు లేని గుణము దీనికి ఒకటి కలదు. జాబును మరియొక చిరునామాకు మరలించినప్పుడు తెచ్చువాడు మారును గాన మొదటి పరీక్ష తప్పును. కాని లోపలి విషయము మారనంతవరకు ముద్ర చెక్కుచెదరదు. పాత ఖాతాకు వచ్చు జాబులను కొత్త ఖాతాకు మరలించుకొను మన ఉద్యోగులకు ఇది ఉపకారి.

మూడవది డీమార్క్. 2012లో వెల్లడియై 2015లో నియమరూపము పొందిన ఏర్పాటిది. ఇది ఆఫీసు ఉత్తరువు వంటిది. జాబు మీద పాఠకుని కంటికి కనబడు పేరును, జాబితాలోనో ముద్రలోనో ఉన్న పేరును ఒక్కటి కావలెనని ఇది శాసించును. కానియెడల ఏమి చేయవలెనో కూడ చెప్పును: ఊరక గమనింపుడనియో, వేరుగా ఉంచుడనియో, త్రిప్పివేయుడనియో మూడు అంతస్తులు. అంతేకాక, మీ పేర ఎవరెవరు ఎన్ని జాబులు పంపిరో స్వీకరించు సంస్థలు మీకు నివేదికలు పంపును. మొదటనే మూడవ అంతస్తునకు ఎక్కుట వివేకము కాదు. కొన్ని వారములు నివేదికలు చూచినచో, ఎన్నడో పెట్టి మరచిన వెబ్‌సైటు ఫారము, రసీదులు పంపు యంత్రము మున్నగు మన స్వంత బంట్రోతులే జాబితాలో లేకుండ తిరుగుచుండుట బయటపడును. వారినందరిని చేర్చుకొన్న తరువాతనే తలుపు గట్టిగా మూయవలెను.

ఈ మూడును 2024 ఫిబ్రవరి వరకు చాలమందికి ఐచ్ఛికములుగా నుండెను. ఆ నెలనుండి జీమెయిల్, యాహూ సంస్థలు విస్తారముగా జాబులు పంపువారికి వీనిని తప్పనిసరి చేసినవి. జీమెయిల్ ఖాతాలకు దినమునకు 5,000 పైచిలుకు పంపువారికి మూడు ఏర్పాట్లును ఉండవలెను. ప్రచార జాబులలో ఒక్క నొక్కుతో విరమించుకొను సౌకర్యము ఉండవలెను. అట్లు కోరినవారి పేరు రెండు దినములలో తీసివేయవలెను. 2025 మే 5వ తేదీనుండి మైక్రోసాఫ్టు సంస్థ కూడ తన అవుట్‌లుక్, హాట్‌మెయిల్ ఖాతాల విషయమున ఇట్టి నిబంధనలనే అమలుపరచినది. చిన్న సంఘములకు 5,000 సంఖ్య దూరమైనను, ఏదో ఒక గుర్తింపు లేని జాబును ఎవరును మన్నించుట లేదు.

అయితే గుర్తింపు వేరు, పరపతి వేరు. రేషను కార్డు చూపినంత మాత్రమున అప్పు పుట్టదు. ఈ మూడు పత్రములును పంపినవాడెవడో చెప్పునే కాని అతడు మంచివాడని చెప్పవు. దొంగ కూడ తన డొమైనునకు మూడు పత్రములు సంపాదించుకొనగలడు, సంపాదించుకొనుచున్నాడు కూడ. మంచితనము నడవడి వలననే తెలియవలెను. యంత్రము గమనించు నడవడి ఇట్టిది. పంపిన జాబులలో లేని చిరునామాలకు పోయి తిరిగివచ్చినవి ఎన్ని? అందుకొన్నవారిలో స్పామ్ అని మీట నొక్కినవారెందరు? విప్పి చదివినవారెందరు, ప్రత్యుత్తరము వ్రాసినవారెందరు? నిన్న పది పంపినవాడు నేడు అకస్మాత్తుగా పదివేలు పంపుచున్నాడా? ఏండ్ల క్రిందట విడువబడి, ఇప్పుడు కాపలాకై ఉంచబడిన చిరునామాలకు పంపుచున్నాడా? అట్టివానికి పంపినవాడు జాబితాను ఎవరి యొద్దనో కొన్నాడని తెలిసిపోవును.

ఇందులో ఫిర్యాదుల లెక్క చాల సున్నితమైనది. స్పామ్ ఫిర్యాదులు నూటికి 0.1 లోపల నుండవలెననియు, 0.3ను ఎన్నడును తాకరాదనియు జీమెయిల్ సంస్థ నియమము. అనగా వెయ్యిమందిలో ఒక్కనికి మించి విసుగుకొనరాదు. 400 కుటుంబములు గల ఒక సమాజము ఉగాది ఆహ్వానము పంపినదనుకొన్నచో, అందు ఒక్కరు విసుగుతో ఆ మీట నొక్కినను ఫిర్యాదు నూటికి 0.25 అగును. ఒక్క వేలు! చిన్న సంఘములకు పెద్ద కంపెనీలకన్న ఎక్కువ జాగ్రత్త కావలెననుటకు ఇదియే కారణము. అడుగనివారికి పంపరాదు, చాలు నన్నవారికి మరల పంపరాదు. ఇది సాంకేతిక నియమము కన్న ముందు మర్యాద.

కొత్త డొమైనునకు ఈ నడవడిని క్రమముగా చూపుటను ఆంగ్లమున వేడిచేయుట అందురు. మన భాషలో అలవాటు చేయుట అనవచ్చును. కొత్త ఎద్దును మొదటి దినముననే నిండు బండికి కట్టరు కదా. 400 కుటుంబముల సమాజమే అయినచో, డొమైను కొన్న వెంటనే మూడు పత్రములు కుదుర్చుకొని, మొదటి వారము కార్యవర్గ సభ్యులు ఇరువది మందితో మాత్రము వ్యవహారపు జాబులు నడుపవలెను. ఆ జాబులకు వారు ప్రత్యుత్తరములు వ్రాయవలెను. ఏలయన బదులు వచ్చు జాబునకు మించిన మంచి సాక్ష్యము లేదు. రెండవ వారము ఏబది మందికి, మూడవ వారము నూరుగురికి, పిమ్మట రెండు వందలకు, ఇట్లు ఆరు వారములలో అందరికి పంపవచ్చును. నడుమ ఎచటనైనను తిరుగుజాబులు పెరిగినచో, ఫిర్యాదులు వచ్చినచో ఆగవలెను; జాబితాను శుభ్రపరచి మరల మొదలుపెట్టవలెను. ఈ సంఖ్యలు శాసనములు కావు, ఉదాహరణములు మాత్రమే. పండుగకు రెండు మాసముల ముందు మొదలుపెట్టవలెనను పాఠము మాత్రము శాసనమే. చాల సంఘములు చేయునది దీనికి విరుద్ధము. ఉత్సవము వారము దినములున్నదనగా డొమైను కొని, ఒకే రాత్రి అందరికి పంపి, సభకు జనము రాలేదని చింతించుట.

కొత్త డొమైనుల విషయమున మన దేశమున జరిగిన పెద్ద పరీక్ష బ్యాంకులది. దాని కేంద్రస్థానము హైదరాబాదు. బ్యాంకుల పేర దొంగ వెబ్‌సైట్లును, దొంగ జాబులును ప్రబలుచుండుటచే భారతీయ రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ఒక నిర్ణయము ప్రకటించినది. దాని ప్రకారము దేశమునందలి బ్యాంకులన్నియు 'బ్యాంక్ డాట్ ఇన్' అను తోక గల ప్రత్యేక డొమైనులకు మారవలెను. 2025 ఏప్రిల్ 22న సర్క్యులరు వెలువడినది. 2025 అక్టోబరు 31 గడువుగా నిర్ణయింపబడినది. వీని నమోదు అధికారము హైదరాబాదు మాసాబ్ ట్యాంకు వద్దనున్న ఐ.డి.ఆర్.బి.టి. సంస్థకు మాత్రమే ఇయ్యబడినది. 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన సంస్థ యిది.

ఇందలి ఉపాయమును గ్రహింపవలెను. సాధారణపు డొమైనును ఎవడైనను కొన్ని వందల రూపాయలకు కొనవచ్చును. ఈ తోక బ్యాంకులకు తప్ప అన్యులకు దొరకదు. ప్రహరీ గోడయు, కాపలాయు గల వాడలో ఇల్లు కట్టుకొన్నట్లు, పేరులోనే కొంత జామీను చేరినది. హుండీకి సాహుకారు జామీను నిలిచినట్లు ఇచట రిజర్వు బ్యాంకు నిలిచినది. ఐనను వాడ మంచిదైనంత మాత్రమున ఇంటికి తాళము అక్కరలేదని కాదు. మూడు పత్రములు లేని డొమైను పేరును, దాని తోక ఎంత గొప్పదైనను, జాబు మీద దొంగ వ్రాయగలడు. కొత్త చిరునామా వాడుకలోనికి వచ్చు సంధికాలమే దొంగకు అనువైన కాలము. "మా చిరునామా మారినది, ఇచట నొక్కి మీ ఖాతా సరిచూచుకొనుడు" అని వ్రాయుటకు వానికి సాకు దొరకును. కావున బ్యాంకు జాబు వచ్చినప్పుడు తోకను చూడవలెను. చూచిన తరువాత కూడ రహస్య సంఖ్యలు ఎవరికిని చెప్పరాదు. మోసపోయినచో ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

రెండవ దృష్టాంతము కేంద్ర ప్రభుత్వోద్యోగులకు స్వానుభవమే. 2025 నాటికి సుమారు 12 లక్షల ప్రభుత్వోద్యోగుల ఈ-మెయిలు ఖాతాలు జోహో సంస్థ వ్యవస్థలోనికి మార్చబడినవి. కాని చిరునామాలలోని 'గవ్ డాట్ ఇన్', 'నిక్ డాట్ ఇన్' అను ఇంటిపేర్లు మారలేదు. బండి మారినది, పేరు మారలేదు. పరపతి ప్రధానముగా పేరునంటి యుండును గాన ఇంత పెద్ద మార్పు కూడ సాధ్యమగును. బండి మార్చునప్పుడు కొత్త బంట్రోతు పేరు జాబితాలో చేర్చవలెను. కొత్త ముద్ర సిద్ధము చేయవలెను. పేరును మాత్రము అకారణముగా మార్చరాదు. బ్యాంకులు పేరు మార్చుటకు బలమైన కారణముండెను. మన సంఘములు కార్యదర్శి మారినప్పుడెల్ల కొత్త చిరునామా పెట్టుటకు అట్టి కారణమేమున్నది?

ఈ సందర్భమున ప్రవాసాంధ్ర సంఘములకు ఒక ముఖ్య విషయము విన్నవింపవలసియున్నది. డొమైను ఆస్తి వంటిది. కాని ఏటేట రుసుము చెల్లింపని పక్షమున చేజారు ఆస్తి. చాలచోట్ల ఉత్సాహవంతుడైన ఒక యువకుడు తన పేర, తన కార్డుతో దానిని కొనును. అతనికి బదిలీ యగును. రుసుము గడువు జాబు అతని పాత చిరునామాకు పోవును. డొమైను తప్పిపోవును, మరియొకడు దానిని కొని, సంఘము పదేండ్లు కూర్చిన పరపతిని తన చెడు జాబులకు వాడుకొనును. కావున నమోదు సంఘము పేరనే యుండవలెను. సంకేతపదము కార్యదర్శి, కోశాధికారి ఇరువురి యొద్దను భద్రముగా నుండవలెను. రుసుము వార్షిక బడ్జెటులో ఒక పద్దుగా చేరవలెను. కార్యవర్గము మారినప్పుడు రసీదు పుస్తకములు, ముద్రలు అప్పగించు పట్టికలో డొమైనును కూడ వ్రాయవలెను.

తెలుగు లిపిలోనే చిరునామా పెట్టుకొనవచ్చునా అని భాషాభిమానులు అడుగుట సహజము. పెట్టుకొనవచ్చును. '.భారత్' అను తోక తెలుగు లిపిలో 2011 నుండి ఉన్నది. అన్యలిపుల చిరునామాలతో జాబు నడుపు నియమములు 2012లో వచ్చినవి. కాని ప్రపంచమునందలి సర్వర్లన్నియు ఇంకను వానిని స్వీకరించుట లేదు. అందువలన తెలుగు చిరునామాను ఆదరించుచునే, జాబులు పంపుటకు సాధారణ లిపి చిరునామాను కూడ ఉంచుకొనుట మేలు. జాబు లోపలి విషయమునకు మాత్రము ఏ అడ్డును లేదు. తెలుగున ఎంతైనను వ్రాయవచ్చును.

ఇచట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. మన ఉత్తరము మన బంధువునకు చేరవలెనో లేదో నిర్ణయించుటకు ఎచటనో సముద్రము దాటియున్న కొలది కంపెనీలెవరు అని. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. ఈ పట్టణమునకు ఆ చేదు తెలియును. 1908లో సుబ్రహ్మణ్య భారతి మద్రాసు విడిచి పుదుచ్చేరికి వచ్చి 'ఇండియా' పత్రికను ఇచటినుండి నడిపినప్పుడు, బ్రిటిషు ప్రభుత్వము తన ప్రాంతములోనికి దానిని రానీయలేదు. పాఠకులకు చేరని పత్రిక 1910లో ఆగిపోయినది. ద్వారము ఎవరి చేతిలో నున్నదో వారికి మంచి మాటను కూడ ఆపు శక్తి కలదు. ఐనను రెంటికి భేదము గమనింపవలెను. నాడు పాఠకుడు కోరినను పత్రిక రానీయలేదు. నేడు యంత్రము వేయు ప్రశ్నలలో అధికభాగము పాఠకుని కోరికను తెలిసికొనుటకే. అతడు చదువుచున్నాడా, బదులిచ్చుచున్నాడా, విసుగుకొనుచున్నాడా యని. యంత్రము తప్పు చేయదని కాదు. తప్పు చేసినప్పుడు సరిదిద్దు మార్గము సుగమముగా నుండవలెనని పౌరులును ప్రభుత్వమును కోరుటయు న్యాయమే. అంతవరకు నియమములు తెలిసికొని నడచుట తప్ప వేరుదారి లేదు.

పరపతి పంపువాని ఒక్కని చేతిలోనిదే కాదు. అందుకొన్నవారి బాధ్యతయు కొంత కలదు. నెలకొకమారైనను స్పామ్ బుట్ట తెరచి చూడవలెను. మంచి జాబు అందున్నచో 'స్పామ్ కాదు' అను మీట నొక్కవలెను. ఆ ఒక్క నొక్కుతో ఒక చిన్న సంఘమునకు మేలు జరుగును. అక్కరలేని జాబులను విరమింపు మీటతో ఆపవలెనే కాని, కోపముతో స్పామ్ మీట నొక్కరాదు. ఆ మీట దొంగలకై ఏర్పడినది. ఆహ్వానము వచ్చినప్పుడు "అందినది, వచ్చెదము" అని రెండు మాటలు వ్రాయుట మన పెద్దలు పాటించిన మర్యాద. నేడు ఆ మర్యాదయే జాబు పంపిన సంఘమునకు జామీను పత్రము.

కొత్త డొమైనునకు పరపతి కొనుట సాధ్యము కాదు. కొని తెచ్చి యిత్తుమను వ్యాపారులు కలరు. వారి కృత్రిమ సాక్ష్యములు యంత్రమునకు తెలిసినచో ఉన్న పేరు కూడ పోవును. ఆరు వారముల ఓర్పు, శుభ్రమైన జాబితా, మూడు పత్రములు, చెప్పిన సమయమునకు చెప్పిన విషయమే పంపు నియమము, వద్దన్నవారిని వదలు సంస్కారము, వీనితోనే అది కలుగును. యానామునందలి తల్లికి పుదుచ్చేరినుండి కుమారుని సంఘము పంపిన ఉగాది ఆహ్వానము సకాలమున చేరుటయు, విశ్రాంత ఉద్యోగికి నిజమైన జాబు కనబడి దొంగ జాబు కనబడకుండుటయు ఈ చిన్న క్రమశిక్షణ మీదనే ఆధారపడియున్నవి. ఈ సమాజము తన కొత్త చిరునామా విషయమున ఈ క్రమమును పాటించి, తెలుగువారి ఇతర సంఘములకు మార్గదర్శకము కావలెనని ఆకాంక్ష.